తల ఊపిన గుర్రాలు

అనగనగా ఒక రాజ్యం. రాజ్యం అన్నాక ఒక రాజు ఉండాలి, రాజు అన్నాక ఒక పిచ్చి ఉండాలి. మద్దులపురాన్ని ఏలే కీర్తిధరుడికి గుర్రప్పందాల పిచ్చి.

కథల్లో జంతువులు మాట్లాడతాయి. నక్క నీతులు చెబుతుంది, కాకి కబుర్లు మోస్తుంది. ఈ కథలో మాత్రం గుర్రాలు మాట్లాడవు. అవే మాట్లాడి ఉంటే మనుషులు ఇంత తెలివితక్కువ పని చేసేవారు కాదు, నాకు చెప్పడానికి కథా ఉండేది కాదు.

ఆ రాజుకి ఒక మేనత్త ఉంది. పేరు నాగాంబిక. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, ముందు తండ్రి కొలువునీ, తర్వాత అన్న కొలువునీ, ఆ తర్వాత అన్నకొడుకు కొలువునీ కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. ఆమెకు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. పాలు తాగేముందు పిల్లికి పోసేది. పిల్లి తాగి బాగానే ఉంటే, పిల్లిని కూడా ఎవరైనా మంచి చేసుకున్నారేమోనని చూసేది. వంటవాడు కూరలో ఉప్పు తక్కువ వేస్తే ఆ ఉప్పు ఎక్కడికి పోయిందని అడిగేది. సరిగ్గా వేస్తే ఇవాళ ఇంత శ్రద్ధ ఎందుకని అడిగేది. అనుమానం పెనుభూతం అంటారు. మద్దులపురంలో ఆ భూతాన్ని అందరూ అత్తమ్మగారు అని పిలిచేవారు.

ఆమె నమ్మిన ప్రాణి ఒక్కటే ఒక్కటి. అది బూడిదరంగు ఆడగుర్రం. సన్నగా తుంపర పడుతున్న పూట పుట్టింది కాబట్టి దానికి తుంపర అనే పేరు పెట్టింది. పుట్టగానే తల్లి చచ్చిపోతే, నాగాంబిక గుడ్డపీలికను పాలలో ముంచి నోటికి అందించి దాన్ని బతికించింది. మనుషుల్ని తేరిపార చూసే ఆ కళ్ళు తుంపరను చూసినప్పుడు మాత్రం మెత్తబడేవి.

ఇక పందాల సంగతి. నాగాంబిక తండ్రి రాజుగా ఉన్న కాలంలోనే వాటి మీద పెద్ద వాదం లేచింది. నోరులేని జీవాన్ని కొరడాతో కొట్టి పరిగెత్తించడం పాపమని కొందరన్నారు. గుర్రం పుట్టిందే పరుగు కోసమని, దాన్ని కట్టేసి ఉంచడమే పాపమని మరికొందరన్నారు. నోరులేని జీవం కోసం నోరున్న వాళ్ళంతా గొంతులు పోయేలా అరుచుకున్నారు.

ఆ రాజు ధర్మాత్ముడు. మీరూ మీరూ అరుచుకోవడం ఎందుకు, గుర్రాన్నే అడుగుదాం అన్నాడు. అలా పుట్టింది సమ్మతి అనే ఆచారం. పందానికి ముందురోజు సాయంత్రం కోటలో రాతిబండలు పరిచిన ముంగిట రాజు కొలువుతీరతాడు. గుర్రాలు ఒక్కొక్కటిగా వచ్చి, సగం నడక సగం పరుగుగా రాజు చుట్టూ మూడు చుట్లు తిరుగుతాయి. ఒక్కో చుట్టుకీ దండోరావాడు గొంతెత్తి అడుగుతాడు.

"అశ్వరాజమా, రేపటి పరుగు నీకు ఇష్టమేనా?"

మూడు చుట్లలోనూ తల పైకీ కిందికీ ఊపితే గుర్రం ఒప్పుకున్నట్టు. ఊపకపోతే ఒప్పుకోనట్టు. ఒప్పుకోని గుర్రాన్ని ఎవరూ కొట్టకూడదు, తిట్టకూడదు. మెడలో బంతిపూల దండ వేసి, కడుపునిండా ఉలవలు పెట్టి, మర్యాదగా ఇంటికి పంపాలి.

ఆ ఏర్పాటుతో ఊరి మనసు కుదుటపడింది. "అడిగాం, ఒప్పుకుంది" అన్నమాట మద్దులపురంలో సామెతయింది. పిల్లలకు పెళ్ళి చేసినా, కూలివాడి చేత ఎండలో పని చేయించినా అదే మాట అనేవారు. తండ్రి చేసిన ఈ న్యాయాన్ని తలుచుకుని నాగాంబిక ఎంతో గర్వపడేది. లోకంలో ఆమె ఎన్నడూ తిరగేసి చూడనిది ఈ ఆచారం ఒక్కటే.

తండ్రి కాలంలో ఎక్కువ గుర్రాలు దండలు వేయించుకుని ఇంటికి పోయేవి. ఏవో రెండు మూడు తల ఊపేవి. కీర్తిధరుడి కాలం వచ్చేసరికి దాదాపు అన్నీ ఊపడం మొదలుపెట్టాయి. దండలు కట్టే వాళ్ళకు పని లేకుండా పోయింది. మా రాజుగారి పందాలంటే గుర్రాలకే మోజు పుట్టిందని జనం మురిసిపోయారు.

కానీ అప్పటినుంచే మరో వింత కూడా మొదలైంది. పరుగు మధ్యలో గుర్రాలు కూలబడేవి. ముంగాలు మడతపడి, మనిషితో సహా దొర్లిపోయేవి. కాలు విరిగిన గుర్రం మళ్ళీ లేవదు. పొద్దున దిష్టి తీసి పంపిన గుర్రాన్ని సాయంత్రం గొయ్యి తీసి పాతిపెట్టిన ఇళ్ళు ఊళ్ళో చాలా ఉన్నాయి.

దాంతో పాతవాదం మళ్ళీ లేచింది. ఏటి ఒడ్డున ఉండే చెన్నదాసు అనే బైరాగి వచ్చి, ఈ పందాలు ఆపించమని రాజును వేడుకున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని పందెంవాళ్ళు ఎగతాళి చేశారు. గుర్రమే ఒప్పుకుంటే మధ్యలో నీకేం పోయిందన్నారు.

రాజు ఆలోచించాడు. ఇష్టపడి పరిగెత్తే గుర్రం ఊరికే పడదు కదా. అంటే ఎవరో పడగొడుతున్నారు. ఆ ఎవరో ఎవరో కనిపెట్టాలంటే అత్తయ్యకు మించిన వాళ్ళు లేరని ఆమెను పిలిపించాడు. నాగాంబిక ఆ పని సంతోషంగా నెత్తిన వేసుకుంది. ఇన్నాళ్ళూ ఊరికే అనుమానించేది, ఇప్పుడు రాజాజ్ఞ మీద అనుమానించవచ్చు.

దీనికి మరో కారణం కూడా ఉంది. ఆ యేడు తుంపర కూడా బరిలోకి దిగాలి. కిందటేడు సమ్మతిలో తల ఊపనిది అదొక్కటే. రాజుగారి మేనత్త గుర్రం బంతిపూల దండ వేసుకుని ఇంటికి వస్తుంటే జనం మూతులు మూసుకుని నవ్వారు. ఆ నవ్వు నాగాంబిక మనసులో ముల్లులా ఉండిపోయింది. గుర్రాలశాల పెద్ద మారన సాహిణిని పిలిచి, వచ్చే యేడైనా అది ఒప్పుకునేలా చూడమని చెప్పింది. ఆయన నవ్వి, తలవంచి, అలాగేనమ్మా అని వెళ్ళాడు.

అందుకే దొంగ ఎవరో పందెంలోగా తేలాలి. తేలకపోతే రేపు గొయ్యి ఎవరి కోసం తవ్వాలో ఆమెకు తెలుసు.

మొదటి అనుమానం చెన్నదాసు మీద పడింది. గుర్రాలు పడితే ఎవరి మాట నెగ్గుతుంది? ఆయన మాటే. పైగా ఆ బైరాగి రోజూ పొద్దెక్కాక గుర్రాలశాల వెనక తచ్చాడుతున్నాడని మారన సాహిణి చెవిన వేశాడు. నాగాంబిక గడ్డివాము చాటున కూర్చుని చూసింది. బైరాగి కుండతో వచ్చి ఎండలో కట్టేసిన గుర్రాలకు నీళ్ళు పెట్టాడు. ఆమె కుండ లాక్కుని వాసన చూసింది, నీళ్ళను పిల్లికి పోయించింది. అవి ఉత్త నీళ్ళే.

ఆమె ఎందుకు అనుమానించిందో చెన్నదాసుకు అర్థమైంది. కోపం తెచ్చుకోలేదు.

"అమ్మా, నేను వీటిని పందెం నుంచి తప్పించాలనుకుంటున్నాను గానీ బతుకు నుంచి కాదు" అన్నాడు. "నన్ను అనుమానిస్తే అనుమానించు. ఈ గుర్రాలన్నీ పందెం ముందురోజే ఎందుకంత సంతోషపడతాయో, అది కూడా ఒకసారి అనుమానించు."

తండ్రి పెట్టిన ఆచారాన్ని వేలెత్తి చూపినందుకు ఆమెకు ఒళ్ళు మండింది. కుండ అక్కడే పెట్టి వచ్చేసింది.

రెండో అనుమానం ఉలవల వర్తకుడు పేరయ్య మీద పడింది. ఉలవల్లో ఏదో కలుపుతున్నాడన్న ఈ మాట కూడా మారన సాహిణే చల్లగా చెప్పాడు. నాగాంబిక బస్తాలు విప్పించి చేటల్లో చెరిగించింది. ఉలవల్లో మట్టిబెడ్డలు బయటపడ్డాయి. పేరయ్య కాళ్ళమీద పడి, తూకం కోసం కలిపానే తప్ప చంపడానికి కాదని ఏడ్చాడు. దొంగ దొరికాడు గానీ కావలసిన దొంగ దొరకలేదు. మట్టి తింటే కడుపు నొప్పి వస్తుంది, ముంగాలు ఎందుకు మడతపడుతుంది? పేరయ్యకు తగిన శిక్ష వేయించి ఆమె మళ్ళీ మొదటికొచ్చింది.

మూడో అనుమానం ఆ రెండు అనుమానాలూ తెచ్చిచ్చిన మనిషి మీదికి పోయింది. అడగకుండా చెప్పేవాడిని ఆమె ఎప్పుడూ నమ్మలేదు. మారన సాహిణి మాట తేనె. ఎవరితో మాట్లాడినా వాళ్ళకు కావలసిన మాటే మాట్లాడతాడు. ఆమె ఆయన్ని ఎదురుగా నిలబెట్టి, నువ్వే ఎందుకు కాకూడదని నేరుగా అడిగేసింది.

మారన సాహిణి నొచ్చుకోలేదు. గుర్రాలు చస్తే పోయేది తన కొలువేనని నెమ్మదిగా చెప్పాడు. తనను ఎంతైనా అనుమానించవచ్చని, కానీ నోరులేని జీవం ఇచ్చిన మాటను అనుమానించడం పాపమని కూడా అన్నాడు. రేపు సమ్మతిలో తుంపరను చూడమన్నాడు. ఆ తర్వాత కూడా తన మీద అనుమానం ఉంటే తల నరికించమన్నాడు.

మర్నాటి సాయంత్రం రాతిముంగిలి జనంతో నిండిపోయింది. గుర్రాలు వచ్చాయి, తిరిగాయి, ఊపాయి. చివరికి తుంపర వచ్చింది. దండోరావాడు అడిగాడు. తుంపర తల పైకి లేచింది, కిందికి దిగింది. రెండో చుట్టులోనూ ఊపింది. మూడో చుట్టులో మరీ గట్టిగా ఊపింది.

జనం ఈలలు వేశారు. నాగాంబిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలి ఉంగరం తీసి మారన సాహిణి చేతిలో పెట్టింది. అంత సంతోషంలో అనుమానానికి చోటెక్కడ? పుట్టి బుద్ధెరిగాక ఆమె ఏమీ అడగకుండా నమ్మిన సాయంత్రం అదొక్కటే.

పొద్దు వాలుతుండగా అలవాటు ప్రకారం బెల్లంముక్క పట్టుకుని గుర్రాలశాలకు వెళ్ళింది. తుంపర బెల్లం తింది, ఆమె భుజానికి ముఖం రాసింది. రేపు గెలుస్తావు కదూ అని ఆమె ముద్దుగా అడిగింది. గుర్రం కదలకుండా నిలబడింది. ఆమె మళ్ళీ అడిగింది. ఊహూ, ఉలుకూ పలుకూ లేదు.

నాగాంబికకు పాతబుద్ధి మేలుకుంది. ఊరంతటి ముందు మూడుసార్లు ఊపిన తల, పెంచిన తల్లి ముందు ఒక్కసారి ఎందుకు ఊగదు? చూడగా చూడగా మరొకటి కనిపించింది. తుంపర కుడి ముంగాలిని ముందుకు చాపి, బరువు మోపకుండా నిలబడి ఉంది.

తాడు విప్పి శాల ముందున్న ఇసుకలో దాన్ని పరుగునడకన తిప్పింది. తల నిలకడగానే ఉంది. అక్కడినుంచి రాతిబండల మీదికి తీసుకుపోయింది. అంతే, తల ఊగడం మొదలైంది. ఇసుకలోకి తెస్తే ఆగింది. రాయి మీదికి తెస్తే ఊగింది.

అప్పుడామె రాయి మీద దాన్ని నడిపిస్తూ మూడు ప్రశ్నలు అడిగింది.

రేపు పరుగెత్తడం నీకు ఇష్టం లేదు కదూ అని అడిగింది. తుంపర తల ఊపింది. సాయంత్రం ఇష్టమని ఊపింది కూడా ఇదే తల.

రాజు తెలివితక్కువవాడా అని అడిగింది. తల ఊపింది.

"మరి నేను?" అంది నాగాంబిక. తుంపర మళ్ళీ తల ఊపింది.

ఆమె వంగి కుడి ముంగాలు ఎత్తి పట్టుకుంది. లాడానికీ గిట్టలోని మెత్తటి భాగానికీ మధ్య చింతగింజంత గులకరాయి ఇరుక్కుని ఉంది. దానంతటది ఇరుక్కుంది అనుకుందామంటే, ఊడిపడకుండా చుట్టూ లక్క పూసి ఉంది. గట్టినేల మీద ఆ కాలు మోపినప్పుడల్లా రాయి లోపలికి గుచ్చుకుంటుంది. నొప్పికి గుర్రం తల పైకి లాక్కుంటుంది. రెండో కాలు మోపగానే దించుకుంటుంది. దాన్నే ఊరంతా ఔననుకుంది.

నాగాంబిక మిగతా గుర్రాల వైపు చూసింది. తన గుర్రం ఒక్కదానికేనా? పందెం కోసం శాలలో వరసగా కట్టేసిన గుర్రాలన్నిటి కాళ్ళూ ఎత్తి చూసింది. మంత్రిగారి గుర్రానికి ఉంది. సేనాపతి గుర్రానికి ఉంది. వర్తకుల గుర్రాలకు ఉంది. చివరికి రాజుగారి పట్టపుగుర్రానికి కూడా ఉంది.

మారన సాహిణిని పిలిపించింది. ఆయన రాయిని చూశాడు, ఆమె ముఖం చూశాడు, దాచలేదు. పందెం పొద్దున ఎవరూ చూడకముందే అన్నీ తీసేస్తానని, కొంచెం కమిలి ఉంటుందే తప్ప ప్రాణానికి ఏమీ కాదని చెప్పాడు. కమిలిన కాలు పరుగులో మడతపడక ఏమవుతుందని ఆమె అరిచింది.

"ఆ అనుమానం నాకూ వచ్చిందమ్మా" అన్నాడాయన. "మళ్ళీ రాకుండా చూసుకున్నాను."

ఎవరు చేయమన్నారని అడిగింది. మారన సాహిణి ఈసారి నవ్వలేదు.

"రాయి పెట్టమని ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కరూ చాటుగా వచ్చి, మా గుర్రం కొంచెం మొండిది, ఒప్పుకునేలా చూడు అన్నారు. మీరూ అదే అన్నారు. ఎలా ఒప్పిస్తావని ఎవరూ అడగలేదు. ఉప్పు దగ్గర్నుంచి అన్నిటికీ ఎలా అని అడిగే మీరు కూడా అడగలేదు."

నాగాంబిక అక్కడే ఉన్న గడ్డిమోపు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడో వెతికిన దొంగ తన గొంతుతోనే మాట్లాడిందని తెలిసి ఆమెకు ఏడుపు వచ్చింది. తుంపరను మెల్లగా ఇంటికి తోలుకుపోతే చాలు, దాని ప్రాణం దక్కుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు, తన పరువూ దక్కుతుంది, తండ్రి పరువూ దక్కుతుంది. ఆ ఆలోచన ఆమెకు చాలా నచ్చింది. నచ్చింది కాబట్టే దాన్నీ అనుమానించింది. తుంపర ఒక్కటే ఇంటికి పోతే మిగతా గుర్రాల గతేమిటి? అవి కూడా ఎవరో ఒకరు పాలుపోసి పెంచినవే కదా. కాపలావాళ్ళను నమ్మక, సాహిణి ఒక్క గిట్ట కూడా ముట్టుకోకుండా తెల్లవారేదాకా శాల గుమ్మంలో ఆమే కూర్చుంది.

పొద్దున పందెపు మైదానానికి బయలుదేరుతున్న రాజుకు అడ్డం నిలబడి, సమ్మతి ఇంకొక్కసారి జరపాలని అడిగింది. పందెంవాళ్ళు గుసగుసలాడారు. అత్తమ్మగారు ఎవరి దగ్గరో సొమ్ము తీసుకుందేమోనని ఒకడన్నాడు. ఆ బైరాగి మందు పెట్టాడని ఇంకొకడన్నాడు. చివరికి రాజు కూడా కళ్ళు చిట్లించి, తుంపర ఓడిపోతుందని భయం పట్టుకుందా అత్తయ్యా అని అడిగాడు. తను ఊరినంతా ఇన్నేళ్ళూ ఏ చూపుతో చూసిందో, ఊరంతా ఆ పొద్దున ఆమెను అదే చూపుతో చూసింది. ఆ చూపు ఎంత బరువో ఆమెకు అప్పుడు తెలిసింది.

"నాయనా, ఇది మీ తాత పెట్టిన ఆచారం. ఒకసారి అడిగితే నిజం చెప్పిన గుర్రం రెండోసారి అడిగినా అదే చెబుతుంది. భయం దేనికి?" అంది.

రాజు సరేనన్నాడు. రాతిముంగిట్లోకి పట్టపుగుర్రాన్ని తెచ్చారు. దండోరావాడిని పక్కకు జరగమని, ఈసారి ప్రశ్నలు నాగాంబికే అడిగింది.

"అశ్వరాజమా, రేపటినుంచి సింహాసనం మీద నువ్వు కూర్చుంటావా?"

గుర్రం తల ఊపింది. జనం పకపకా నవ్వారు. రాజు కూడా నవ్వాడు.

"మా రాజుగారికి కళ్ళెం వేసి, నువ్వు పైకెక్కి సవారీ చేస్తావా?"

గుర్రం తల ఊపింది. ఈసారి కొందరే నవ్వారు. రాజు నవ్వలేదు.

మూడోది ఆమె గట్టిగా అడగలేదు. గుర్రం పక్కనే నడుస్తూ, ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగింది.

"నీ కాలు నొప్పిగా ఉందా?"

గుర్రం తల ఊపింది. జనం దాని కాళ్ళవైపు చూశారు.

అప్పుడామె అందరి ముందూ లక్క గీకించి రాళ్ళు తీయించింది. ఒక్కో గుర్రం కాలిలోంచి ఒక్కో రాయి ఇత్తడి పళ్ళెంలో టంగుమని పడింది. తర్వాత బండల మీద మోకాలెత్తున వరిగడ్డి పరిపించి, గుర్రాలను మళ్ళీ తిప్పమంది. దండోరావాడు పాతప్రశ్నే అడిగాడు. మెత్తటి గడ్డి మీద గుర్రాలు హాయిగా నడిచిపోయాయి. ఒక్కటీ తల ఊపలేదు.

ఈ పని ఎవరు చేశారని రాజు గర్జించాడు. మారన సాహిణి ముందుకొచ్చి, చేసింది నేను, ఒప్పించమన్నది మాత్రం నా యజమానులు అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే అందరూ భుజాలు తడుముకున్నారు. నా గుర్రం తల ఊపకపోతే నా పరువేం కావాలని సాహిణితో తనే అన్న సంగతి రాజుకు గుర్తొచ్చింది. ఆయన గొంతు తగ్గిపోయింది.

నాగాంబిక పళ్ళెంలోంచి తుంపర రాయిని ఏరుకుంది. దాన్ని తన చెప్పులో వేసుకుంది. గడ్డి ఒక పక్కకు తీయించి, ఆ వయసులో, ఊరంతా చూస్తుండగా బండల మీద నడవడం మొదలుపెట్టింది. ఆపబోయిన వాళ్ళను చేత్తోనే వారించింది. మొదటి చుట్టులో పళ్ళు బిగపట్టింది. రెండో చుట్టులో కుంటింది. మూడో చుట్టుకు అడుగు వేసినప్పుడల్లా ఆమె తల పైకీ కిందికీ ఊగుతోంది.

రాజు చూడలేకపోయాడు. "అత్తయ్యా, ఇక చాలించరా?" అని అడిగాడు.

ఆమె తల ఊగింది. చాలిస్తానందో, చాలించనందో రాజుకు అర్థం కాలేదు. ఆమె నడుస్తూనే ఉంది. రాజు దగ్గరికి వచ్చాక ఆగి, ఊపిరి కూడదీసుకుంది.

"చూశావా నాయనా. నువ్వు అడిగావు, నా తల ఊగింది, నేనేమన్నానో నీకు తెలియలేదు. నోరున్న నా సంగతే ఇలా ఉంటే, దాని సంగతేమిటి?"

రాజు లేచి నిలబడ్డాడు. పట్టపుగుర్రం రాయిని ఏరుకుని తన చెప్పులో వేసుకున్నాడు. ఆయన వెనక మంత్రి, ఆయన వెనక సేనాపతి, వాళ్ళ వెనక వర్తకులు, అందరికన్నా వెనక మారన సాహిణి నడిచారు. మద్దులపురం పెద్దలంతా తలలు ఊపుకుంటూ మూడు చుట్లు తిరిగారు. చూసిన పిల్లలు ఆ ముచ్చటను ముసలివాళ్ళయ్యేదాకా చెప్పుకున్నారు.

పందెంవాళ్ళు అంత తొందరగా ఆశ వదులుకోలేదు. ఇక రాళ్ళు పెట్టం, ఎవరూ ఏమీ చేయకుండా తల ఊపిన గుర్రాలనే పరిగెత్తిస్తాం, అది న్యాయమే కదా అన్నారు. రాజు అత్తవైపు చూశాడు. నాగాంబిక నవ్వి, ఊపినదానికి కాలు నొప్పి కాబట్టి పరిగెత్తించకూడదని, ఊపనిది ఒప్పుకోలేదు కాబట్టి పరిగెత్తించకూడదని చెప్పింది. తన తండ్రి ఆచారాన్ని ఒక్క అక్షరం మార్చకుండా అలాగే ఉంచాలంది. బండల మీద గడ్డి మాత్రం పరవాలంది.

అలాగే జరిగింది. ఏటేటా గుర్రాలు వస్తాయి, గడ్డి మీద మూడు చుట్లు తిరుగుతాయి, దండలు వేయించుకుంటాయి. తర్వాత కళ్ళేలు విప్పి వాటిని పందెపు మైదానంలో వదిలేస్తారు. పరిగెత్తేది పరిగెత్తుతుంది, మేసేది మేస్తుంది. కొన్ని గాలితో పోటీపడి దూసుకుపోతే, గుర్రం పరుగుకే పుట్టిందన్న వాళ్ళు చూశారా అని మీసం తిప్పుతారు. వాటిని ఎవరూ కొట్టడం లేదు కాబట్టి చెన్నదాసు కూడా వాళ్ళతోపాటు చప్పట్లు కొడతాడు. పందెం కాద్దామని కొందరు చూశారు గానీ, ఏ గుర్రం ఎక్కడ ఆగాలనుకుంటుందో తెలియక విసిగి మానేశారు.

తుంపర కాలు పూర్తిగా నయం కాలేదు. రాతినేల తగిలితే దాని తల కొంచెం ఊగేది. చూసినవాళ్ళు, అత్తమ్మగారి మాటకు గుర్రం కూడా ఔనంటోందని మెచ్చుకునేవారు. నాగాంబిక ఆ మెప్పును నమ్మేది కాదు. తాడు పట్టుకుని దాన్ని మెల్లగా గడ్డిమీదికి మళ్ళించేది.

కాబట్టి పిల్లలూ, ఎదుటివాళ్ళ మాటను అనుమానించడం ఎవరైనా చేస్తారు. తనకు నచ్చిన జవాబును ముందుగా అనుమానించినవాడే నోరులేనివారికి న్యాయం చేయగలడు.